సగం గీసిన సున్నా

మధ్యాహ్నం ఒంటి గంటా పది నిమిషాలు.

రేవు యార్డులో ఎర్ర కంపెనీ వరసలో చివరి కంటెయినర్ తలుపు తీశారు. లోపల మనిషి పడి ఉన్నాడు.

అది ఖాళీ డబ్బా. ఇరవై అడుగుల పొడవు. బూడిద రంగు. మనిషి బోర్లా పడి ఉన్నాడు. కుడిచేతి వేళ్ల మధ్య సుద్దముక్క. ఎడమ గోడ మీద తెల్లగా మూడు సున్నాలు. నాలుగోది సగంలో ఆగిపోయింది. అక్కణ్ణించి ఒక గీత వంకరగా కిందికి జారి నేలదాకా వచ్చింది.

బయట తలుపు గొళ్లానికి తెల్ల హెల్మెట్ వేలాడుతోంది.

చనిపోయినవాడు సర్వేయర్. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఖాళీ కంటెయినర్లు పరీక్ష చేసి, బాగున్నదానికి బాగుందనీ బాగాలేనిదానికి లేదనీ సంతకం పెట్టడం. ఆ సంతకం లేకపోతే తినే సరుకు ఏ డబ్బాలోనూ ఎక్కదు.

ఇన్‌స్పెక్టర్ ఒకటీ యాభైకి వచ్చాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ లోటు తీర్చడానికి వెంట హెడ్ కానిస్టేబుల్ ఉన్నాడు.

గ్యాస్ మీటరు పట్టుకున్న మనిషి లోపలికి వెళ్లివచ్చి, ఇప్పుడు ఫరవాలేదన్నాడు. అప్పుడే మిగతావాళ్లు అడుగుపెట్టారు.

"పురుగుల మందు గ్యాసు," అన్నాడు డాక్టర్. "ఆ మూల బూడిదలాంటి పొడి చూశారా? అదే. ఇంత బిగుతు డబ్బాలో తలుపు మూస్తే కొన్ని నిమిషాల్లో స్పృహ పోతుంది. గట్టిగా అరిచే వ్యవధి కూడా ఉండదు."

"టైము?"

"పదకొండుకీ పన్నెండుకీ మధ్య పోయాడు."

తలుపు మీద చదరంగా జిగురు మరక ఉంది. గ్యాసు కొట్టిన డబ్బాకి పుర్రె బొమ్మ స్టిక్కర్ అంటిస్తారు. దాన్ని ఎవరో పీకేశారు.

హెడ్ కానిస్టేబుల్ చేతికి గ్లౌజు వేసుకుని హెల్మెట్ తియ్యబోయాడు. అది ఒక పట్టాన రాలేదు.

"ఇదేంటి సార్, గేదెని కట్టేసినట్టు కట్టారు."

"నెమ్మదిగా తియ్యి. కవర్లో పెట్టు."

యార్డు ఒకటే. కంపెనీలు రెండు. మధ్యలో నేల మీద పసుపు గీత. గీతకి తూర్పున నీలం డబ్బాలు, పడమర ఎర్ర డబ్బాలు. అద్దెకి తెచ్చిన బూడిద డబ్బాలు మాత్రం ఇద్దరి దగ్గరా ఉంటాయి. మూడేళ్లుగా ఒకరి మీద ఒకరు పోటీకి రేట్లు దించుకుంటున్నారు. రెండు కంపెనీల ఓడలూ సగం ఖాళీగా వెళ్తున్నాయి. ఇద్దరిలో ఒకరు ఈ రేవు వదిలిపోవాలి. ఎవరన్నదే తేలలేదు. నీలం వాళ్లు ఎర్ర వాళ్ల కూలర్లో నీళ్లు కూడా తాగరు.

ఇవాళ అది తేలాల్సిన రోజు. పాలపొడి ఫ్యాక్టరీ ఒకటి మూడేళ్ల కాంట్రాక్టు ఇవ్వబోతోంది. చెరో పది డబ్బాలు చూపించమంది. సర్వేయర్ ఎవరి డబ్బాలు బాగున్నాయంటే వాళ్లకే సరుకంతా. రిపోర్టు సాయంత్రం అయిదింటికి అందాలి.

ఫ్యాక్టరీవాళ్లు ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేశారు. సర్వేయర్ చచ్చిపోయింది ఎర్ర కంపెనీ డబ్బాలోనట కదా, నిజమేనా అని.

*

రెండూ అయిదు. యార్డు ఆఫీసు గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, తిరగని ఫ్యాను.

మొదట ఎర్ర కంపెనీ మేనేజరమ్మ వచ్చింది. యాభై ఏళ్లు. గొంతు పెద్దది.

"ఆ డబ్బా నాది కాదు."

"మీ వరసలో ఉంది. మీ ట్యాగు వేలాడుతోంది."

"ట్యాగులు గేటు దగ్గర బుట్టలో పడుంటాయి. ఎవడైనా తీసుకోవచ్చు. నా పదో డబ్బా నిన్న రిపేరుకి పంపాను. పొద్దున ఆ చోటు ఖాళీ. తొమ్మిదే చూపించాను. నేను చెప్తే ఎవరు నమ్ముతారు?"

"ఎవరైనా చూశారా, ఖాళీగా ఉండడం?"

"నా మనుషులు చూశారు. నా మనుషుల మాట మీకు పనికొస్తుందా?"

"మీ తొమ్మిదీ పాసయ్యాయా?"

"ఎనిమిది. ఒకటి పనికిరాదని కొట్టేశాడు. ఆయన అంతే. సొంత అల్లుడి డబ్బా అయినా కొట్టేస్తాడు."

తరవాత నీలం కంపెనీ మేనేజర్. నలభై దాటలేదు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"ఆయన నాకు గురువు సార్. ఎనిమిదేళ్లు ఆయన దగ్గర పనిచేశాను. ఎన్ని వేల డబ్బాల తలుపులు వేశానో. ఆ తరవాతే ఈ కంపెనీలో చేరాను."

"తలుపులు వెయ్యడం అంటే?"

"వెలుతురు పరీక్ష. సర్వేయర్ లోపలికెళ్తాడు. టార్చి ఆపేస్తాడు. బయటివాడు తలుపు మూస్తాడు. లోపల చిమ్మచీకటి. ఎక్కడైనా సూది మొనంత చిల్లున్నా వెలుతురు చుక్కలా కనపడుతుంది. దాని చుట్టూ సుద్దతో సున్నా చుడతారు. పనయ్యాక లోపలినుంచి మూడుసార్లు తడితే బయటివాడు తియ్యాలి."

"ఈమధ్య బయట ఎవరుంటున్నారు?"

మేనేజర్ తల దించుకున్నాడు. "ఆయన బావమరిది. మంచివాడే సార్. కాస్త పరధ్యానం. స్టిక్కర్ చూసుకోలేదేమో. మూడుసార్లు తట్టలేదంటే అనుమానం రావద్దూ? పాపం, వాణ్ణి ఏమీ అనకండి."

"మీ డబ్బాలు ఎన్ని పాసయ్యాయి?"

"నాకింకా చెప్పలేదు సార్."

చనిపోయినాయన జేబులో దొరికిన నోటుబుక్కు బల్ల సొరుగులో ఉంది. నీలం కంపెనీ పేజీలో ఆరు ఇంటూ గుర్తులున్నాయి.

మూడోవాడు బావమరిది. ఇరవై ఎనిమిదేళ్లు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను వెయ్యలేదు సార్ ఆ తలుపు."

"మరి ఎవరు వేశారు?"

"తెలీదు. పదీ నలభైకి బావ నన్ను నీలం కంపెనీ ఆఫీసుకి పంపాడు. ఏదో ఫారం తెమ్మని వాళ్లే ఫోన్ చేశారు. అక్కడ కూర్చోమన్నారు. ఎంతసేపటికీ ఇవ్వరు. చివరికి పదకొండున్నరకి ఇచ్చారు. తిరిగొస్తే బావ లేడు."

"వెతికావా?"

"రెండు వైపులా తిరిగాను. ఎర్ర వరస చివరిదాకా కూడా వెళ్లాను. ఏ తలుపుకీ హెల్మెట్ లేదు. సరే, టీకి వెళ్లుంటాడనుకున్నా."

"హెల్మెట్టేంటి?"

"లోపల మనిషి ఉంటే హెల్మెట్ బయట గొళ్లానికి తగిలిస్తాం. బావ పెట్టిన పద్ధతి. అది చూస్తే ఏ డ్రైవరూ డబ్బా ముట్టుకోడు. ఊరికే తగిలిస్తే గాలికి పడిపోద్దని, పట్టీ రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపమనేవాడు. సరిగ్గా దోపకపోతే తిట్టేవాడు. బయట నువ్వుండేది నా ప్రాణానికి కాపలా కాయడానికిరా అనేవాడు."



హెడ్ కానిస్టేబుల్ గొంతు తగ్గించి అన్నాడు. "సార్, హెల్మెట్ అలాగే కట్టుంది. తలుపు వేసింది వీడే. మర్చిపోయి టీ తాగడానికి పోయాడు. ఇప్పుడు భయపడి అబద్ధాలాడుతున్నాడు."

"జీపులో కూర్చోబెట్టు."

*

రెండూ నలభై.

ఇన్‌స్పెక్టర్ మళ్లీ ఆ డబ్బా దగ్గరికి వచ్చాడు. మేనేజర్లిద్దరూ వెనకే ఉన్నారు. సముద్రం మీంచి గాలి గట్టిగా వీస్తోంది. అయిదంతస్తులుగా పేర్చిన ఖాళీ డబ్బాలు గాలికి మోగుతున్నాయి. లోపలినుంచి ఎవరో తడుతున్నట్టే ఉంది. ఇక్కడ నిజంగా ఒకడు తట్టినా ఎవరూ పట్టించుకోరు.

డబ్బా ఎడమ గోడ పక్కనే ఆ అయిదంతస్తుల పేర్పు. మధ్యలో చెయ్యి దూరేంత సందు కూడా లేదు. పేర్పు కింది మూలల్లో సాలెగూళ్లు దుమ్ముపట్టి ఉన్నాయి.

"ఈ పేర్పు ఎన్నాళ్లుగా ఉంది?"

"వారమైంది కదిపి," అంది మేనేజరమ్మ.

ఇన్‌స్పెక్టర్ తన హెల్మెట్ తీసి ఆమెకి ఇచ్చాడు. "గొళ్లానికి తగిలించండమ్మా. నేను లోపలికెళ్తాను. హెడ్డూ, తలుపు వెయ్యి. మూడుసార్లు తడితే తియ్యి."

"సార్, నేను పరధ్యానం మనిషిని కాదు. అయినా ఎందుకైనా మంచిది, గట్టిగా తట్టండి."

మేనేజరమ్మ హెల్మెట్ తగిలించింది. గాలికి అది కిందపడి దొర్లింది. నీలం మేనేజర్ వంగి తీశాడు. ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూనే దాన్ని మళ్లీ గొళ్లానికి తగిలించాడు.

తలుపు మూసుకుంది.

చీకటి. తుప్పు వాసన. తన ఊపిరి తనకే పెద్దగా వినిపించింది. ఒకటి, రెండు, మూడు నిమిషాలు. కళ్లు అలవాటుపడ్డాయి. కుడి గోడ మీద రెండు చుక్కలు మెరిశాయి. వాటి చుట్టూ సున్నాల్లేవు.

ఎడమ గోడ వైపు తిరిగాడు. నల్లగా ఉంది. సుద్దగీతలు కూడా కనపడలేదు.

టార్చి వేశాడు. మూడు సున్నాలు, ఒక సగం సున్నా. ఒక్కో సున్నా మధ్యలో గుండుసూది పట్టేంత చిల్లు. చిల్లులు నిజమే. టార్చి ఆపాడు. మళ్లీ నలుపు.

తరవాత మూడుసార్లు తట్టాడు.

తలుపు తియ్యడం కాస్త ఆలస్యమైంది. బయటికి రాగానే హెడ్ కానిస్టేబుల్ విసుక్కున్నాడు. "మీ హెల్మెట్ ఊడిరాలేదు సార్. అందుకే ఆలస్యం."

ఇన్‌స్పెక్టర్ హెల్మెట్ పెట్టుకున్నాడు. ఎవరి వంకా చూడలేదు.

"ఇక్కడ డబ్బాలు ఎత్తే మిషను ఎవరు నడుపుతారు?"

*

మూడూ పది. మళ్లీ ఆఫీసు గది. మిషను డ్రైవర్ పొట్టిగా ఉంటాడు. యార్డులోకెల్లా ఎత్తయిన సీటు అతనిది. అందరూ పొట్టి డ్రైవర్ అంటారు.

"ఎవర్నైనా చూశావా అని అడిగారు. చూడలేదని చెప్పాను కదండీ."

"ఇప్పుడది అడగడం లేదు. ఆ బూడిద డబ్బాని ఎక్కణ్ణించి తెచ్చావు?"

డ్రైవర్ కిటికీలోంచి మిషను వంక చూశాడు.

"మిషన్లో ప్రతి ఎత్తుకీ టైము నమోదవుతుందట. నువ్వు చెప్తావా, నేను తీయించనా?"

"పదకొండూ ఇరవై," అన్నాడు డ్రైవర్. "నీలం వైపు, తూర్పు చివర. ఒక్కటే ఉంది. చుట్టూ ఖాళీ. తీసుకెళ్లి ఎర్ర వరస పదో చోట పెట్టమని వాకీటాకీలో చెప్పారు."

"ఎవరు?"

చెప్పాడు.

"ఎత్తేముందు తలుపు తీసి చూడాలిగా?"

"రూలు అదే సార్. రోజుకి రెండొందలు ఎత్తుతాను. అన్నీ తీసి చూస్తే నాలుగో వంతు కూడా అవ్వదు. రెండు కంపెనీలూ నాకంటే నాకు ముందని నెత్తిన కూర్చుంటాయి. హెల్మెట్ ఉందా లేదా అన్నదొక్కటే చూస్తాను. లేదు. ఒట్టు, లేదు."

"మరి ముందే ఎందుకు చెప్పలేదు?"

డ్రైవర్ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకున్నాడు. తరవాత అడిగాడు.

"నేను ఎత్తినప్పుడు... బతికున్నాడా సార్?"

ఇన్‌స్పెక్టర్ టైము రాసుకుని పుస్తకం మూశాడు.

మూడున్నరకి సర్వేయర్ భార్య ఆటోలో వచ్చింది. శవాన్ని చూసింది. ఏడవలేదు. నేరుగా జీపు దగ్గరికి నడిచింది. లోపల తమ్ముడున్నాడు.

"అక్కా."

"నువ్వు బయట ఉండగా ఆయన లోపల ఎలా పోయాడ్రా?"

వాడు తల అడ్డంగా ఊపాడు.

"పదేళ్లు నా కంచంలో తిన్నావు. తలుపు తియ్యడానికి చెయ్యి రాలేదా?"

ఆమె వెనక్కి తిరిగి వెళ్లి, అంబులెన్సు నీడలో నేల మీద కూర్చుంది. ఇటు చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆఫీసు కిటికీలోంచి ఇదంతా చూశాడు. ఆ తరవాత హెడ్ కానిస్టేబుల్ని నీలం కంపెనీ గుమ్మం దగ్గరుండే రాకపోకల పుస్తకం తెమ్మన్నాడు.

*

నాలుగూ ఇరవై. మళ్లీ ఆ బూడిద డబ్బా ముందు.

"ఇద్దరూ లోపలికి రండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేనేజరమ్మ ఎక్కింది. నీలం మేనేజర్ గుమ్మం దగ్గర ఆగాడు.

"లోపల గ్యాసు..."

"మీటరు పెట్టి చూశారు. ఇందాక నేను లోపలే ఉన్నాను కదా."

ఎక్కక తప్పలేదు. తలుపు మూసుకుంది. ఇనుప గొళ్లెం పడిన చప్పుడు డబ్బా అంతా మోగింది.

చీకట్లో ముగ్గురి ఊపిరి.

"ఎడమ గోడ చూడండి. ఏం కనపడుతోంది?"

"ఏమీ లేదు," అంది మేనేజరమ్మ.

"మీకు?"

"ఏమీ లేదు సార్."

"ఆయనకి కనపడింది. మూడు చుక్కలు చూసి మూడు సున్నాలు చుట్టాడు. నాలుగో చుక్క కూడా చూశాడు. ఈ గోడ పక్కన వారంగా అయిదంతస్తుల పేర్పు ఉంది. ఇక్కడ ఈ చిల్లుల్లోంచి వెలుతురు రాదు. అంటే ఆయన సున్నాలు చుట్టినప్పుడు ఈ డబ్బా ఇక్కడ లేదు. ఎడమ గోడకి ఎండ తగిలే చోట ఉంది. పదకొండు లోపు ఎండ తూర్పున ఉంటుంది. తూర్పు చివర, చుట్టూ ఖాళీగా ఉన్న చోటు ఎవరిది?"

పై అంతస్తులో ఎక్కడో ఇనుము కిర్రుమంది.

"పదకొండూ ఇరవైకి డబ్బా ఇక్కడికి వచ్చింది. అప్పటికే తలుపు వేసి ఉంది, ఆయన లోపలే ఉన్నాడు. బావమరిది పదీ నలభై నాలుగుకి మీ ఆఫీసులోకి వెళ్లాడు. పదకొండూ ఇరవై ఎనిమిదికి బయటికి వచ్చాడు. మీ గుమ్మంలో మీ మనిషి రాసిన పుస్తకమే చెప్తోంది. వాడు అడ్డులేకుండా ఉండాలని మీరే కూర్చోబెట్టారు. మీకు తెలీకుండా వాడికి సాక్ష్యం కూడా మీరే రాసిపెట్టారు."

"సార్, గాల్లో కథ అల్లుతున్నారు." గొంతు దగ్గర్లోంచే వచ్చింది. పొడిగా ఉంది. "ఆయన వేరేవాళ్లని నమ్మి లోపలికెళ్లే మనిషి కాదు."

"కాదు. బయట తనవాడుంటేనే వెళ్తాడు. ఆయనకి తనవాళ్లు ఇద్దరు. ఒకడు బావమరిది. రెండోవాడు పాత శిష్యుడు."

చీకట్లో బూటు నేలకి రాసుకున్న చప్పుడు.

"మీ పదిలో ఆరు కొట్టేశాడు. గ్యాసు కొట్టిన డబ్బా స్టిక్కర్ పీకేసి, ఇంకొక్కటుంది, చూడండి గురువుగారూ అని పిలిచి ఉంటారు. వచ్చాడు. హెల్మెట్ మీ చేతికిచ్చాడు. అది గొళ్లానికుంటే డ్రైవర్ డబ్బా ముట్టుకోడు. అందుకని దాచారు. డబ్బా ఇక్కడికి చేరాక, బావమరిది వెతికి వెళ్లిపోయాక వచ్చి కట్టారు. ఎర్రవాళ్లు గ్యాసు డబ్బా చూపించి సర్వేయర్ని చంపుకున్నారని పేరొస్తే కాంట్రాక్టు ఎవరికి పోతుంది?"

"హెల్మెట్ ఎవడైనా తగిలించొచ్చు."

"ఈ అమ్మ ఇందాక తగిలించింది. పడిపోయింది. మీరు తీసి కట్టారు. ఫోన్ మాట్లాడుతూనే. పట్టీ రెండు చుట్లు, కొస లోపలికి. ఎనిమిదేళ్ల అలవాటు, మీ వేళ్లకి గుర్తుంది. ఆయన హెల్మెట్టూ అలాగే కట్టుంది. పట్టీ లోపలివైపు వేలిముద్రలు తీస్తున్నారు. దోపినవాడి వేలు అక్కడ తగలక తప్పదు."

చీకట్లో ఎవరో గోడకి ఆనుకుని కిందికి జారిన చప్పుడు.

"మా పైవాళ్లు నా డిపో మూసేస్తామన్నారు," అన్నాడు నీలం మేనేజర్. "ఈ సరుకు రాకపోతే నెలాఖరుకి మూసేస్తామన్నారు. ఒక్క ఆరు వదిలెయ్యమని కాళ్లు పట్టుకున్నాను. ఆయన కోసం నేను ఎన్ని వేల తలుపులు తీశాను. ఆరు చిల్లులు వదల్లేకపోయాడు."

"తట్టాడా?" అంది మేనేజరమ్మ.



"ఒక్కసారి."

ఇన్‌స్పెక్టర్ గోడ మీద మూడుసార్లు తట్టాడు. తలుపు వెంటనే తెరుచుకుంది. వెలుతురు ఒక్కసారిగా మీద పడింది. బయట హెడ్ కానిస్టేబుల్ బేడీలతో నిలబడ్డాడు. అతని పక్కన, జీపులోంచి దింపిన బావమరిది ఉన్నాడు. అతని వెనక అక్క.

ఆమె అంతా విన్నట్టుంది. డబ్బా గోడ పలచటి ఇనుపరేకు.

నీలం మేనేజర్ ఆమెని చూసి ఆగాడు. "అమ్మా..." అన్నాడు. ఆమె పక్కకి తప్పుకుని దారిచ్చింది. అంతే.

*

అయిదింటికి ఫ్యాక్టరీవాళ్ల ఫోన్ మళ్లీ మోగింది. రిపోర్టు లేదని చెప్పారు. సంతకం పెట్టే మనిషి లేడు. పసుపు గీతకి రెండు వైపులా పని ఆగిపోయింది. పొట్టి డ్రైవర్ మిషను దిగి, తాళంచెవి ఆఫీసు బల్ల మీద పెట్టేసి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

శవాన్ని అంబులెన్సులో ఎక్కించారు. అక్క కూడా ఎక్కి పక్కన కూర్చుంది. తమ్ముడు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు.

"ఒరేయ్."

తలెత్తాడు.

"తలుపు వెయ్యి."

వాడు కదల్లేదు. "డ్రైవర్ వేస్తాడక్కా."

"నువ్వే వెయ్యి. నువ్వు బయటుంటే నాకు భయం లేదు. పొద్దున ఆయనకీ ఉండేది కాదు."

వాడు వచ్చాడు. రెండు తలుపులూ దగ్గరికి లాగాడు. గొళ్లెం పెట్టాడు. పెట్టిన చెయ్యి తియ్యలేదు. చెవి రేకుకి ఆనించి నిలబడ్డాడు.

లోపలినుంచి చప్పుడు లేదు. అయినా బండి కదిలేదాకా అలాగే వింటూ ఉన్నాడు.